అడిగింది వైశాల్యం

"ఒక్క మార్కు అక్కా! మీ సొమ్మేం పోయింది?"

పక్క కుర్చీలోని కొత్త టీచరమ్మ బతిమాలుతూనే ఉంది. లెక్కల మేడమ్ తలెత్తలేదు. పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే ఆ హాల్లో అందరూ ఆవిడని చాటుగా 'పిసినారి మేడమ్' అంటారు. చచ్చినా ఊరికే అర మార్కు రాల్చదు.

పేపరు మీద పేరు లేదు, కోడ్ నంబరే. మొత్తం ముప్ఫై నాలుగు వచ్చాయి. పాసవ్వాలంటే ముప్ఫై అయిదు రావాలి.

గోడ పక్కన నలభై మీటర్ల తీగతో మూడు వైపులా కంచె వేస్తే, పూలతోట గరిష్ఠ వైశాల్యం ఎంత? అదీ ఆఖరి లెక్క. సమీకరణం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, వెడల్పు పది అని తేల్చి, కింద రెండు గీతలు గీసి ఆపేశారు. ఆ పదిని తిరిగి సమీకరణంలో వేస్తే రెండు వందలు వచ్చేది. నాలుగు మార్కులకి మేడమ్ మూడు వేసింది.

"అంతా చేసి ఆ ముక్క మరిచిపోయారు పాపం. తెలీక కాదుగా?"

"తెలిస్తే రాయాలి. శిఖరం ఎక్కడుందో చెప్పి ఎత్తెంతో చెప్పకపోతే ఎలా? అడిగింది వైశాల్యం."

"పోనీ, చీఫ్ ఎగ్జామినర్ గారికి చూపిద్దాం."

"వద్దు. ఆయన నా మొహం చూసి వేసేస్తాడు."

అబ్బో, ఏం పలుకుబడి! కొత్త టీచరమ్మ మూతి తిప్పుకుంది.

మేడమ్ మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళింది. మార్కులు కూడటం ఇది నాలుగోసారి. కొట్టేసిన లెక్కలు కూడా వేలు పెట్టి మరీ చదువుతోంది. ఇంకెక్కడ కోత పెట్టాలా అని కాబోలు! కొత్త టీచరమ్మకి ఒళ్ళు మండింది. తనూ ఒకప్పుడు ఒక్క మార్కుతో తప్పి, ఏడాదంతా అందరికీ మొహం చాటేసి బతికింది. ఆ ఏడుపు ఎలా ఉంటుందో ఈవిడకేం తెలుసు?

మళ్ళీ ముప్ఫై నాలుగే. మేడమ్ సంతకం పెట్టి, పేపరు కట్టలో దోపి, తాడు బిగించింది.

"రాయికైనా చెమ్మ ఉంటుందక్కా! ఎవరు కన్న బిడ్డో, ఏడాది చదువు బూడిదలో పోసేశారు!"

మేడమ్ కళ్ళజోడు తీసింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

కొత్త టీచరమ్మ కంగారుపడింది. "ఏమైందక్కా? ఏదో నోరు జారాను..."

మేడమ్ కట్టని తన వైపుకి జరుపుకుంది.

"అది మా అమ్మాయి చేతిరాతమ్మా."