పున్నమ్మ అడగని మాట

"తప్పయిపోయింది జెస్సీ. ఇక నీ మీద చెయ్యెత్తను. ఇంటికి రా," అన్నాడు జయపాల్ తల వంచుకుని.

పున్నమ్మకు గుండె బరువు దిగినట్టయింది. కొడుకు కౌన్సెలింగ్ మేడమ్ ముందు అంత మాట అన్నాడంటే గొడవ సద్దుమణిగినట్టే. కోడలిని బతిమాలి తీసుకెళ్దామనే ఆమె మిరపకోతలు మానుకుని ఒంగోలు వచ్చింది.

"నిన్ను ఎక్కువ బాధపెట్టిందేంటో చెప్పమ్మా," అంది మేడమ్.

జెస్సీ మొన్ననే కట్టు విప్పిన చేతిని ఒళ్లో పెట్టుకుంది. "ఈయన నా చెయ్యి విరగ్గొట్టిన రోజు అత్తమ్మ లేచొచ్చిందండి. విడిపిస్తదనుకున్నా. వీధి తలుపేసి లోపలికెళ్లిపోయింది."

"నలుగురూ వింటే పరువు పోద్దని..." అంటూనే పున్నమ్మ ఆగిపోయింది.

ముప్పై ఏళ్ల కిందట తను దెబ్బలు తింటుంటే తన అత్త కూడా అలాగే తలుపేసింది. మొగుడి దెబ్బలు మర్చిపోయింది కానీ, ఆ అత్తను మాత్రం ఆమె చచ్చిపోయేదాకా క్షమించలేదు.

"మీరేమన్నా అడగాలా పున్నమ్మగారూ?"

"నేనేం అడగనమ్మా? వాడికి ధైర్యమిచ్చింది నేనే."

"అమ్మా!" అన్నాడు జయపాల్.

"నువ్వుండరా! జెస్సీ, నువ్వు మీ అమ్మ దగ్గరే ఉండమ్మా. నీ భయం పోయేదాకా నిన్ను రమ్మనం."

జెస్సీ ఒక్కసారిగా ఏడ్చేసింది. పున్నమ్మ లేచి కోడలి దగ్గరికి వెళ్లబోయింది. ఓదార్చే హక్కు తనకు లేదనిపించి, మళ్లీ కుర్చీలో కూలబడింది.