పలకని అక్షరం

"ప్టెరోకార్పస్ గురించి చెప్పండి," అంది శైలజ ప్రశ్నల కాగితం చూస్తూ.

"టెరోకార్పస్ అనాలె మేడం," అంది ఎదురుగా కూర్చున్న లలితమ్మ. "ముందట 'ప' ఉండదు."

పక్కనున్న ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ జంగయ్య దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

శైలజ చెవులు వేడెక్కాయి. ఇంజినీరింగ్ చదివి, పోటీ పరీక్ష రాసి, నెల కిందటే లింగాల అటవీ ఆఫీసుకు అధికారిగా వచ్చింది. చెట్ల పేర్లన్నీ పుస్తకాలు చూసి ఒంటరిగా బట్టీ పట్టినవే.

"స్పెల్లింగులో 'పి' ఉంది కదా!"

"ఉంటె ఉండనియ్యిండ్రి. మా సార్లు పలుకంగ ఎన్నడు ఇనలే."

అడవి చూడవచ్చేవాళ్లకు చెట్లను పరిచయం చేసే గైడు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అది. ఉన్నది ఒకటే ఖాళీ. పొద్దుట్నుంచి పదకొండుమంది వచ్చి, తెలియదని తల అడ్డంగా ఊపి వెళ్లారు.

"సరే, గుర్తులు చెప్పండి."

"మన ఏగి చెట్టు, శేషాచలం ఎర్రచందనం, అండమాన్ పడాకు, అన్ని గీ ప్రజాతియే మేడం. చిక్కుడు కుటుంబం. ఏగికైతె రెమ్మకు అయిదారు చిన్నాకులు, అటొకటి ఇటొకటి, చివరకొకటి. పూలు పసుపు. కాయ గుండ్రంగ, నడుమ గింజ, చుట్టు పల్సటి రెక్క. గందుకే గ్రీకు భాషల రెక్కకాయ అని గా పేరు పెట్టిండ్రు. బెరడుకు గాటు పెడితె నెత్తురోలె జిగురు కారుతది."

"ఎక్కడెక్కడ పెరుగుతాయి?"

"ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా. గంత దూరమెందుకు, మీ కిటికీలకెల్లి చూడుండ్రి. అగో!"

శైలజ తల తిప్పింది. నెల రోజులుగా తన బండి నిలుపుతున్నది ఆ ఏగి చెట్టు నీడలోనే.

"ఎక్కడ చదివారు?" గొంతులో మర్యాద పెరిగింది.

"హైదరాబాద్‌ల ఒక కాలేజి, బాటనీ డిపార్ట్‌మెంట్. పన్నెండేండ్లు! పొద్దుగాల అందరికంటె ముందు నేనే, తలుపులు గూడ నేనే తీస్తుంటి. ఒక్క పాఠం ఇడిసిపెట్టలే."

"మరి ఇక్కడికెందుకు?"

"మాది లింగాలనే మేడం. నా అడవి ముచ్చట నా నోటితోని చెప్పాలె. ఈ పని రాకుంటె మల్ల పట్నం బస్సెక్కుడే."

జంగయ్య ఇక ఆగలేకపోయాడు. "మేడం, మనిద్దరం ఈ అక్క తాన ట్యూషన్ పెట్టుకోవాలె!"

శైలజ నవ్వేసింది. మిగతా ప్రశ్నల కాగితం మడిచి సొరుగులో పడేసింది. ఇలాంటి మనిషిని తానే ఎంచుకున్నానన్న గర్వంతో ఉద్యోగ పత్రం తీసి, పైన పెన్ను పెట్టి ముందుకు జరిపింది.

"ఈ ఆఫీసులో మీకంటే చదువుకున్నవాళ్లు లేరు. సంతకం చేయండి."

లలితమ్మ పెన్ను పక్కకు జరిపి, బొటనవేలు చాపింది.