ఒక్క తల కావాలి

“ఒక్క తల, బ్యూలా! నాలుగింటిలోగా పేలున్న తల ఒక్కటి దొరకాలి,” అంది నాగజ్యోతి.

అల్వాల్‌లోని ఆమె దుకాణం బోర్డు మీద ‘శిరోజ శాంతి కేంద్రం’ అని ఉంటుంది. రసాయనాలు లేకుండా, వెచ్చటి గాలితోనూ సన్నపళ్ళ స్టీలు దువ్వెనతోనూ పేలు తీయడం అక్కడి పని. ఆ సంగతి బోర్డు మీద రాస్తే మెట్లెక్కేవారుండరు. వచ్చే తల్లులందరూ మొదట పక్కింటి పిల్ల కోసమే అడుగుతారు. మనిషి తప్పునైనా ఒప్పుకుంటాడు గాని, తలలో పేనును ఒప్పుకోడు.

అద్దె భారమై, నెలాఖరుకు దుకాణం మూసేయక తప్పని స్థితి. అప్పుడు సత్యదేవ్ అనే ఆయన ఫోన్ చేశాడు. చికిత్స కళ్ళారా చూసి, నచ్చితే పెట్టుబడి పెడతానన్నాడు. ఈ రోజు నాలుగింటికి వస్తున్నాడు.

సహాయకురాలు బ్యూలా స్పీకర్ పెట్టి కుసుమకుమారికి ఫోన్ చేసింది. నిన్ననే కూతుర్ని పంపుతానన్న తల్లి ఆమె.

“ఏందీ బ్యూలా, నా బిడ్డ తలల పేలున్నయని ఎవరు చెప్పిన్రు?”

“నువ్వే చెప్పినవ్ గదక్కా!”

“అది మా మరదలి పిల్ల ముచ్చట. జెర ఇజ్జత్ సూడు. బయటోళ్ళ ముంగట తల విప్పితే రేపు బడికెట్ల పోతది?”

ఫోన్ కట్టయింది.

“ఇన్ని తలలు దువ్వినం మేడమ్. ఇయ్యాల మొత్తం సికింద్రాబాద్‌ల ఒక్క పేను దొరకదాయె,” అని బ్యూలా నవ్వింది.

నాగజ్యోతి నవ్వలేదు.

సరిగ్గా నాలుగింటికి సత్యదేవ్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. మడత నలగని చొక్కా, ఒత్తైన జుట్టు. కూర్చోకుండానే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“ఒక్కో తలకు ఎంతసేపు పడుతుందమ్మా?”

“గంటన్నరండీ.”

“మళ్ళీ రావాలా?”

“వారానికోసారి చూస్తాం. ఈపి మిగిలితే తీసేస్తాం.”

“జుట్టు కత్తిరిస్తారా?”

“వెంట్రుక కూడా తెగదండీ.”

“పేర్లు రాసుకుంటారా?”

“రాస్తే ఒక్కరూ రారు.”

ఆయన ముఖం విప్పారింది. “మీ అసలు బలం అదే. పెద్దవాళ్ళు వస్తుంటారా?”

“ఆ మార్కెట్ ఇంకా తెరుచుకోలేదండీ.”

“తెరుచుకుంటుంది,” అన్నాడాయన గంభీరంగా. “సరే, చికిత్స చూద్దాం.”

నాగజ్యోతి తలవంచుకుంది. ఏదో సాకు చెప్పవచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

“క్షమించండి. వస్తానన్న పిల్ల రాలేదు. చూపించడానికి నా దగ్గర ఒక్క తల కూడా లేదు. మీ పెట్టుబడి మీద ఆశ వదులుకుంటున్నాను.”

సత్యదేవ్ నెమ్మదిగా వెళ్ళి, వీధివైపు తెర లాగి, గొంతు తగ్గించాడు.

“నా దగ్గర పెట్టుబడి లేదమ్మా, పేలున్నాయి.”