డబ్బారాయుడి అభిమాని

"రేకుల షెడ్డు మీద పిల్లులు కొట్లాడుకున్నట్టుంది."

"అన్నా, నీకు దండం పెడతా, ఆపెయ్."

నెట్‌లో కార్టూన్ ఎపిసోడ్ పెట్టిన గంటకే నిత్యానందానికి అందిన దీవెనలివి. చంద్రుడి మీద మార్కాపురం పలకలు అమ్మే రోబో కథ అది. పేరు డబ్బారాయుడు. బొమ్మలు నిత్యానందమే గీస్తాడు. ఖాళీ నూనె డబ్బాలో తల దూర్చి గొంతూ తనే ఇస్తాడు. జనాన్ని నవ్విద్దామని ఏళ్ల తరబడి నానా తంటాలు పడుతున్నాడు. నవ్విన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు.

తండ్రి చెన్నకేశవరావుకు బజారులో తలెత్తుకునే దారి లేకపోయింది. బట్టల దుకాణానికి వచ్చినవాళ్లు చీరల సంగతి వదిలేసి డబ్బారాయుడి సంగతి అడుగుతున్నారు మరి.

"సాయంత్రంలోగా తేల్చు. ఆ డబ్బా పారేసి దుకాణంలో కూర్చుంటావా, సరే. లేదంటే దుకాణం మీ బావ పేరున రాసిస్తా. మళ్లా కాళ్లు పట్టుకున్నా ఇచ్చేది లేదు."

నిత్యానందం సగం లొంగిపోయాడు. కానీ ఒక్క పేరు అతన్ని ఆపింది. గురవమ్మ. పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె. ప్రతి ఎపిసోడ్ కిందా ఆమె కామెంటు ఉంటుంది.

"పాతది అలవాటైపోయింది. కొత్తది తొందరగా పెట్టు నాయనా."

"ఈసారి అరుపులు తగ్గినయ్. గట్టిగా అరిపించు."

ఆహా, కళ తెలిసిన మనిషి! నిత్యానందం అప్పటికప్పుడు బస్సెక్కాడు.

గురవమ్మ ముసలి రైతు. కామెంట్లు టైపు చేసేది కోడలట. అతనెవరో తెలియగానే అవ్వ కాలు నిలవలేదు.

"నువ్వేనా నాయనా డబ్బారాయుడివి! ఎంత పుణ్యాత్ముడివయ్యా!"

కొంగుతో మంచం దులిపి కూర్చోబెట్టింది. ఉడకేసిన శనక్కాయలు పళ్లెం నిండా పెట్టింది. ఒక్కసారి అరిచి చూపించమంది. అరిచాడు. పెరట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. అవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నవ్వొస్తుందా అవ్వా?"

"నవ్వేంది నాయనా! పోయినేడు మేం ఏడవని రోజు లేదు. నీ బొమ్మ వచ్చినాకనే ఇంట్లో ఇంత ముద్ద తింటున్నాం."

నిత్యానందం శనక్కాయల పళ్లెం పక్కన పెట్టాడు. "మా నాయన దుకాణంలో కూర్చోమంటున్నాడు. ఆపేద్దామనుకుంటున్నా."

గురవమ్మ గుండె బాదుకుంది. "అట్లంటే మేం ఏమైపోవాల? నీకు పుణ్యముంటుంది, ఆపొద్దు నాయనా!"

అంతే. అక్కడికక్కడే తండ్రికి ఫోన్ కొట్టాడు.

"దుకాణం బావకే రాసియ్యి నాయనా. నాకు నా జనం ఉన్నారు."

"సరే, సంతకం పెడుతున్నా" అని చెన్నకేశవరావు ఫోన్ పెట్టేశాడు.

పొద్దు వాలింది. తన బొమ్మను ఊళ్లో ఎక్కడ కూర్చుని చూస్తారో కళ్లారా చూడాలన్నాడు నిత్యానందం. గురవమ్మ సంబరంగా చెయ్యి పట్టుకుని శనక్కాయల చేలోకి నడిపించింది. చేను నడుమ కర్రకు మైకు కట్టి ఉంది. మీట నొక్కింది. డబ్బారాయుడు గొంతు చించుకున్నాడు.

"ఇగ చూడు నాయనా, టపాకాయలు పేల్చినా బెదరని అడవి పందులు, నీ గొంతు ఇంటే చాలు, తోకలెత్తి కొండ దాకా పరిగెత్తుతాయి!"