దోసపువ్వు

ఆ పొద్దున నోవై ఊరి మీద ఆకాశం మబ్బు పట్టి, కురవాలా వద్దా అన్నట్టు ఆగి ఉంది.

హర్షవర్ధన్ కాఫీ కప్పుతో వెనక తలుపు తీశాడు.

పోర్చ్‌లో దోసతీగల దగ్గర కృష్ణమోహన్ వంగి ఉన్నాడు. వేళ్ల మధ్య పసుపుపచ్చ పువ్వు.

కృష్ణమోహన్ పక్కింటాయన. రెండిళ్లకూ గోడ ఒకటే, వెనక పోర్చ్ కూడా ఒకటే. దోమలు రాకుండా దాని చుట్టూ సన్నటి జాలీ బిగించారు. ఆ జాలీ లోపల, తమ వైపున, హర్షవర్ధన్ భార్య కావ్యశ్రీ కుండీల్లో దోసగింజలు పెట్టింది. తీగలు తాళ్ల మీద పాకి కాపు పట్టాయి.

“ఏంటి సార్, మళ్లీ కోశారా?”

కృష్ణమోహన్ నడుం ఎత్తాడు.

“ఒక్కటే కోశాను హర్షా.”

“రోజూ ఒక్కటే అంటారు. పువ్వే కదండీ కాయయ్యేది. అన్నీ మీరు కోసేస్తే మాకేం మిగుల్తాయి?”

“అన్ని పూలూ కాయలు కావు. ఇదీ...”

“దేవుడికి కావాలంటే స్టోర్‌లో కొనుక్కోండి.”

ఆయనింట్లోంచి పొద్దున్నే అగరొత్తుల వాసన వస్తుంది. ఆ పూలు పూజకేనని హర్షవర్ధన్ ఎప్పుడో తేల్చుకున్నాడు.

“అమ్మాయికి వాంతులు తగ్గాయా?” అన్నాడు కృష్ణమోహన్. “గోడ పలచన కదా, వినపడుతుంటుంది.”

“మాట మార్చకండి సార్. ఆమె కోసమే చెప్తున్నా.”

కావ్యశ్రీకి మూడో నెల. తాగిన మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. ఇలాగే ఉంటే బిడ్డకి మంచిది కాదు, ఏది ఇముడుతుందో అదే పెట్టండి అంది డాక్టరు. స్టోర్‌లో కొన్న కీర వాసనకే కడుపులో తిప్పేది. ఈ తీగల కాయ మాత్రం ఇమిడింది. ఉప్పద్దిన ముక్కగానో, పచ్చిమిర్చీ చింతపండూ దంచి కలిపిన పచ్చడిగానో. కాయంతా నీరే కదా. గ్లాసుతో నిలవని నీరు ముక్కతో నిలిచింది.

“ఉద్యోగం పోతే భక్తి పెరుగుతుందేమో” అన్నాడు హర్షవర్ధన్, కాఫీ కప్పులోకి చూస్తూ.

అది 2009. కార్ల కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్న ఏడాది. కృష్ణమోహన్ ఉద్యోగం వేసవి మొదట్లోనే పోయింది.

ఆయన పువ్వుని కుండీ అంచు మీద పెట్టాడు.

“సరే బాబూ. ఇక కోయను.”

లోపలికి వెళ్లి మెల్లగా తలుపేసుకున్నాడు. ఆ తర్వాత తీగల వైపు రాలేదు.

“ఆయన్నేమన్నావు?” అంది కావ్యశ్రీ.

“పూలు కోయొద్దన్నా.”

“పాపం, పెద్దాయన.”

“నీకు కాయలు కావాలా, ఆయనకి పుణ్యం కావాలా?”

కావ్యశ్రీ నవ్వింది. ఆ మధ్యాహ్నం దోసకాయ పచ్చడితో నాలుగు ముద్దలు తింది. ఇమిడింది.

తీగల నిండా పూలు విచ్చాయి.

“చూశావా, ఒక మనిషి మానేస్తే ఎన్ని పూలో” అన్నాడు హర్షవర్ధన్.

ముదిరిన కాయలు అయిపోయాయి. కొత్త పిందెలు బొటనవేలంత కూడా ఎదగలేదు. పసుపు తిరిగి, ముడుచుకుని రాలాయి. ఎరువు వేశాడు. నీళ్లు పెంచాడు, తగ్గించాడు. అయినా ఒక్క పిందె నిలవలేదు.

ఒక మధ్యాహ్నం కావ్యశ్రీ బాత్‌రూమ్‌లో కళ్లు తిరిగి పడిపోయింది.

హాస్పిటల్లో సెలైన్ పెట్టారు. బిడ్డ సంగతి రేపు స్కాన్ చేసి చెప్తామన్నారు.

బట్టలు తీసుకెళ్దామని హర్షవర్ధన్ ఇంటికొచ్చేసరికి కృష్ణమోహన్ సూట్‌కేసులు టాక్సీలో పెట్టిస్తున్నాడు.

“వీసా అయిపోయింది హర్షా. ఇండియా వెళ్లిపోతున్నా. అమ్మాయేదీ?”

“హాస్పిటల్లో.”

ఆయన చెయ్యి సూట్‌కేసు మీదే ఆగింది.

“కాయలు లేవా?”

“రాలిపోతున్నాయి.”

“జాలీ తలుపు కాస్త తీసి ఉంచు, పొద్దున పూట...”

“దోమలొస్తాయి సార్. మనిషి హాస్పిటల్లో ఉంటే ఇప్పుడు ఆ గోలెందుకు?”

కృష్ణమోహన్ తలూపి టాక్సీ ఎక్కాడు. హర్షవర్ధన్ చెయ్యి కూడా ఊపలేదు.

బిడ్డ నిలిచింది. వాంతులకి మందులిచ్చి, ఏదో ఒకటి కడుపులో పడాలని గట్టిగా చెప్పి పంపించారు.

ఆ ఆదివారం హర్షవర్ధన్ ఎండిన పిందెల్ని కవర్లో వేసుకుని మొక్కల నర్సరీకి వెళ్లాడు. అక్కడి ముసలామె ఒకదాన్ని గోటితో చీల్చి చూసింది. ఏవో రెండు ప్రశ్నలు అడిగింది.

తిరిగొచ్చి అతను తన ఇంటికి కాక నేరుగా పక్కింటికి వెళ్లాడు. తలుపు తీసే ఉంది. లోపల ఒకడు గోడలకి రంగు వేస్తున్నాడు.

ఇంట్లోకొచ్చి కూర్చున్నాడు. కావ్యశ్రీ రెండు కంచాల్లో చారన్నం పెట్టింది.

“ఏమంది ఆమె?”

“జాలీ ఉంటే తేనెటీగలు రావట. అవి వాలకపోతే పిందె నిలవదట.”

“మరి మొదట్లో కాశాయిగా?”

“మగపువ్వు కోసి, చేత్తో ఆడపువ్వులకి అద్దితే కాస్తాయట.” అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు. “పొద్దున్నే అద్దాలట. రోజుకి ఒక్క పువ్వు చాలట.”

కావ్యశ్రీ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“తిను” అన్నాడు హర్షవర్ధన్. “నువ్వు తినాలి.”

ఆ వేసవిలో జాలీ లోపలికి వచ్చిన తేనెటీగ ఎవరో తెలిసిపోయిన ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్నం తిన్నారు.