పేరు లేని మనవడు

"అరవై ఏళ్ల తర్వాత అడవిలో చెట్లే ఆఫీసులు నడుపుతాయా! ఇలాంటి ఊహ ఇంకెవరికీ రాలేదమ్మా" అన్నాడు ఉదయ్ భాస్కర్, చేతిలో కథ కాగితాలు తిరగేస్తూ. ఆయన ఫారెస్టు రేంజరు. దమ్మపేట లైబ్రరీ పెట్టిన సైన్స్ కథల పోటీకి జడ్జి కూడా ఆయనే.

ఆ కథ రాసిన నాగమణి ఎదురుగా నిలబడి ఉంది. ఆమె కోయగూడెంలో పిల్లలకు చదువు చెబుతుంది.

"ఒక రేంజరు మనవడు పట్టా కాగితాలు పట్టుకొస్తాడు. మద్దిచెట్టు వాటిని ముట్టనైనా ముట్టదు. 'కాగితం చెల్లదు, మీ తాతకు నిలబెట్టిన రాయి చూపించు' అంటుంది. పాపం, వాడికి రాయి ఎక్కడిది!" ఆయన పగలబడి నవ్వాడు. "ఒక్కటే లోపం. ఆ మనవడికి పేరు లేదు. పేరు పెట్టు, మొదటి బహుమతి నీదే. అవునూ, ఈ రాయి సంగతి నీకెలా తట్టింది?"

"మా గూడెంల మనిషి పోతే రాయి నిలబెడ్తం సార్. పోయిన నెల మా నాయన మిమ్మల్ని మా తాత రాయికాడికి తోల్కపోయిండు. ఈ పోడు భూమి మాదేనంటానికి గదే సాక్ష్యమన్నడు. రాయి చెల్లదు, కాగితం తెమ్మన్నరు మీరు."

ఆయన నవ్వు ఆగిపోయింది.

నాగమణి బల్ల మీది పెన్ను తీసుకుంది.

"పేరు ఇప్పుడే రాస్త సార్. మీ మనవడి పేరేందో చెప్పుండ్రి."