గ్రూపు వీసా

ఆదివారం ఆరాధన అయిపోయింది. అయినా చేవెళ్ల దగ్గరి ఆ చిన్న చర్చిలోంచి ఒక్కరూ కదల్లేదు. అందరి చూపూ ఎజ్రా మీదే. ఎజ్రా చూపు మాత్రం నేల విడిచి లేవడం లేదు.

నెల కిందట ఈ సంఘం నుంచే నలభై మంది యెరూషలేము యాత్రకు పోయారు. పది రోజుల గ్రూపు వీసా. కలిసి పోవాలి, కలిసే తిరిగి రావాలి. ఒక్కరు తగ్గినా అందరి మెడకూ చుట్టుకుంటుంది. పోయింది నలభై మంది. వచ్చింది ముప్పై తొమ్మిది.

యెరూషలేములో టీ తాగడానికి బస్సు ఆగింది. ఎజ్రా భార్య ప్రేమమ్మ దిగింది. బాత్రూముకేమో అనుకున్నారంతా. అంతే, మళ్లీ ఎక్కలేదు. అక్కడ ఎవరింట్లోనో ముసలివాళ్లను చూసుకునే పనికి కుదిరిందని రెండు రోజులకు గైడు ఆరా తీసి చెప్పాడు. ఇక్కడ ఏడాదంతా చాకిరీ చేస్తే వచ్చేది అక్కడ నెలకే వస్తుందట.

హవ్వ! ప్రేమమ్మేనా? నోట్లో నాలుక లేని మనిషి. మొయినాబాద్ ఫామ్‌హౌసుల్లో మొక్కలకు నీళ్లు పట్టి, తల వంచుకుని ఇంటికొచ్చే మనిషి. అలాంటి మనిషి దేశం కాని దేశంలో మొగుణ్ని బస్సులో కూర్చోబెట్టి పారిపోయిందంటే, విన్నవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

మిగిలినవాళ్ల పాట్లు దేవుడికే ఎరుక. తిరుగుదారిలో ఈజిప్టు సరిహద్దు దగ్గర పాస్‌పోర్టులు గుంజుకుని నాలుగు గంటలు ఎండలో నిలబెట్టారు. కీర్తనలు పాడుతూ పోయినవాళ్లు దొంగల్లా వరుసగా నిలబడి వచ్చారు. అది ఒక ఎత్తయితే, ఇక్కడ జరిగింది ఇంకో ఎత్తు. వచ్చే నెల పోవాల్సిన రెండో జట్టులోని ఇరవై ఇద్దరి వీసాలూ ఆగిపోయాయి.

సంఘ పెద్ద శాంసన్ చేతిలో కాగితంతో లేచాడు.

"ఎజ్రా, ట్రావెల్సోళ్లు ఒక్క దారి చెప్పిండ్రు. మొగుడు రాసియ్యాలంట. ఆమె పోతదని నాకు తెల్వది, నాకు చెప్పకుండ పోయింది, ఆమెతోని నాకు సంబంధం లేదు అని. గప్పుడు ఇది సంఘం పని కాదు, ఒక్క మనిషి బుద్ధి అని నమ్ముతరంట. మల్ల అర్జీ పెడ్తమంటున్నరు."

"రాయకపోతే?" అన్నారెవరో వెనక నుంచి.

"ఇగ మన సంఘం పేరు చెప్తే ఎవ్వరికి వీసా రాదు."

ఆ రెండో జట్టులో పోవాల్సిన ముత్తమ్మ ముందు వరుసలో కూర్చుంది. డెబ్బై ఆరేళ్లు. యొర్దాను నదిలో మునగడానికి తెల్లగౌను కుట్టించి పెట్టుకుంది. ఎవరు ఇంటికొచ్చినా ఆ గౌను చూపించందే టీ ఇవ్వదు.

"ఈ ఏడు నా మోకాళ్లు చెప్పిన మాట ఇంటున్నయ్ బిడ్డ," అంది. "మల్ల ఏటికి ఏమైతదో."

ఎజ్రా లేచి నిలబడ్డాడు.

"ప్రేమను ఏమనకుండ్రి. ఆమె తప్పేం లేదు. తప్పంత నాది."

ఇంకా ఏదో చెప్పబోయాడు. అంతలోనే మళ్లీ కూర్చుండిపోయాడు.

చర్చి అంతా జాలితో కరిగిపోయింది. "సూసిన్రా, గంత పని చేసినా పెండ్లాన్ని ఒక్క మాట పడనిస్తలేడు," అంది ఒకామె కళ్లొత్తుకుంటూ. "గసుంటి మొగుణ్ని ఇడిచిపోనీకి దానికి మనసెట్లొచ్చిందో!" అంది పక్కనామె.

ఎజ్రాకు భూమి నోరు తెరిచి మింగేస్తే బాగుండుననిపించింది. ఈ జాలి కన్నా నాలుగు చెంపదెబ్బలు నయం. సిగ్గుతో మొహం చెవులదాకా మండిపోయింది.

శాంసన్ పెన్ను అందించాడు. ఇరవై ఏళ్ల కిందట పెళ్లి రిజిస్టరులో ప్రేమమ్మ పక్కన సంతకం పెట్టింది ఈ చర్చిలోనే. కాగితంలో రాసింది చదవకుండానే సంతకం పెట్టాడు. ముత్తమ్మ లేచి వచ్చి అతని తల నిమిరింది.

"సల్లగుండు బిడ్డా. నీ అసుంటోడు పదూళ్లల్ల లేడు."

ఎజ్రా ఇక అక్కడ నిలబడలేకపోయాడు. బయటకొచ్చి, తను కూరగాయలు తోలే ట్రాలీ ఆటోలో కూర్చుని తలుపు వేసుకున్నాడు. మొహం కడుక్కుందామని నీళ్ల సీసా తీశాడో లేదో, ఫోను మోగింది. ఎన్నడూ చూడని పొడుగాటి నంబరు.

"తిన్నవా?"

ప్రేమమ్మ గొంతు! నెల రోజుల తర్వాత ఇదే మొదటిసారి. ఎజ్రాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ప్రేమా... చర్చిల కాయితం మీద సంతకం పెట్టిన. నాకు చెప్పకుండ పోయినవని రాసిచ్చిన. నీతోని సంబంధం లేదని రాసిచ్చిన."

అవతల ఎవరో ముసలాయన దగ్గుతూ అర్థం కాని భాషలో పిలుస్తున్నాడు. ప్రేమమ్మ అదే భాషలో ఒక ముక్క జవాబిచ్చి, మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"ముత్తమ్మవ్వకు వీసా వస్తదా మరి?"

"వస్తదంటున్నరు."

"గట్లయితే మంచి పనే చేసినవ్. ఏడ్వకు."

"నన్ను తిట్టు ప్రేమా. జర తిట్టు."

"తిట్టుడెందుకు? నా మాటిను," అంది ప్రేమమ్మ. "పనికి మాట్లాడుకున్నది నువ్వు, బస్సు దిగిపోతనన్నది నువ్వు, తీరా ఆ యాల్లకు నీ కాళ్లు వణికి సీట్లకెల్లి లేవకపోతే నీ బదులు నేను దిగిననని మాత్రం ఎవ్వరికి చెప్పకు, నలుగుట్ల నీ ఇజ్జత్ పోతది."